బహ్రెయిన్ చూసి వచ్చారు

దత్తాత్రేయ బహ్రెయిన్ వెళ్లి అయిదో ఏడు నడుస్తుండగా, ఇక అతను వస్తాడని ఎదురుచూడడం మానేసి, తామే వెళ్లాలని అతని భార్య సుమతి నిశ్చయించుకుంది.

ఎనభై రెండులో న్యూజెర్సీలో కట్టుబడి పనులు ఒక్కసారిగా ఆగిపోయి అతని ఉద్యోగం పోయింది. అతను సివిల్ ఇంజనీరు. కొన్ని నెలలు ఇంట్లోనే కూర్చున్నాడు. గల్ఫులో రోడ్లూ మురుగుకాలవలూ వేయించే ఒక కంపెనీ రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తామంటే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అప్పటికి కూతురు రేణు ఇంకా బడిలో చేరలేదు. ఆ రెండేళ్లూ అయిపోయాయి. తర్వాత మరో రెండేళ్లు. ఈలోగా ఇక్కడ పనులు మళ్లీ పుంజుకున్నాయి. వాళ్లుండే ప్లెయిన్స్‌బరో చుట్టూ ఉన్న మొక్కజొన్న చేలు పోయి వరసలు వరసలుగా అపార్టుమెంట్లు లేచాయి. సుమతి పనిచేసే మందుల కంపెనీ కూడా కొత్త భవనం కడుతోంది. "ఇక్కడే బోలెడంత వర్క్ ఉందండీ, వచ్చేయండి" అని ఆమె అన్నప్పుడల్లా "ఈ ప్రాజెక్ట్ కానీ" అనేవాడు. ఏటా డిసెంబరులో ఒకసారి వచ్చి, చుట్టంలా ఉండి వెళ్లేవాడు. పోయిన డిసెంబరులో అదీ లేదు.

కింది అపార్టుమెంటులో ఉండే శాంతి మనసులో మాట దాచుకునే మనిషి కాదు.

"నువ్వు ఏమనుకున్నా సరే సుమతీ, ఒకసారి వెళ్లి చూసిరా. అన్నేళ్లు మగవాడు ఒక్కడే ఎట్లా ఉంటాడు? ఎవరైనా ఉన్నారేమో."

"ఛ, ఆయన అలాంటివారు కాదు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక గాని, ఆ అనుమానం తనకూ ఉందని సుమతికి తెలియలేదు.

ఏప్రిల్లో రేణుకి స్కూలు సెలవులు, వస్తున్నాం అని ఫోనులో దత్తాత్రేయతో చెప్పింది. ఇక్కడ ఏముంది, ఎండ తప్ప, అన్నాడు. క్యాంపులో ఫామిలీస్‌ని రానివ్వరు, అన్నాడు. హోటల్లో ఉంటాం, అంది సుమతి. చివరికి అతను, "సరే, రండి. చూడ్డానికి చాలా ఉన్నాయి" అన్నాడు.

దారి పొడుగునా ఆమె మాటలు కూర్చుకుంటూనే ఉంది. లండన్‌లో విమానం మారాక రేణు ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతే, సుమతి కిటికీలో తన మొహం చూసుకుంటూ, ఆ ఎవరో స్త్రీతో ఏమనాలో, భర్తతో ఏమనాలో, ఎక్కడ గట్టిగా మాట్లాడాలో, ఎక్కడ తగ్గాలో అన్నీ అనుకుంది. కాళ్లు పట్టుకోవలసి వస్తే పట్టుకోవడానికి కూడా సిద్ధపడింది.

విమానాశ్రయంలో దత్తాత్రేయ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. అయినా ఆరోగ్యంగా ఉన్నాడు. ప్లెయిన్స్‌బరోలో కాళ్లీడ్చుకుంటూ నడిచిన మనిషి ఇక్కడ రెండు సూట్‌కేసులు చెరో చేత్తో ఎత్తుకుని ముందు నడుస్తుంటే, వెనక నడుస్తున్న సుమతికి ఎందుకో ధైర్యం జారిపోయింది.

మనామాలో హోటల్ గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద తల్లీ కూతుళ్లు సర్దుకున్నారు. రెండోది అతని కోసమే. భోజనాలయ్యాక అతను కారు తాళాలు తీసుకుని లేచాడు.

"పొద్దున్నే ఒకసారి సైట్‌కి వెళ్లి రావాలి. తొమ్మిదికల్లా రెడీగా ఉండండి."

"లీవ్ పెట్టానన్నారు కదండీ?"

"పెట్టాను. అయినా ఒకసారి చూసుకోవాలిగా."

రెండో మంచం మీద పరిచిన దుప్పటి ఆ వారమంతా నలగలేదు.

మర్నాడు సముద్రం ఒడ్డున ఉన్న పాతకోటకి తీసుకెళ్లాడు. పోర్చుగీసు కోట అంటారు గాని అది పైన కనిపించేది మాత్రమేనని, కింద ఉన్న దిబ్బంతా ఊరి మీద ఊరు, ఊరి మీద ఊరు కట్టుకుంటూ వచ్చిందేనని చెప్పాడు. తవ్విన గోతుల అంచున నిలబడి, ఒక్కో పొరా వేలితో చూపించాడు.

"అన్నిటికన్నా కింది పొర నాలుగు వేల ఏళ్ల నాటిది రేణూ. ఇక్కడ ఇళ్లల్లో నేల కింద చిన్న చిన్న కుండల్లో పాముల్ని పెట్టి పూడ్చేవాళ్లట."

"రియల్ స్నేక్సా? ఎందుకు నాన్నా?"

"ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇంటికి మంచిదనుకున్నారేమో."

"నేను కిందికి దిగొచ్చా?"

"దిగు. చెయ్యి పట్టుకో."

సుమతి గోడ నీడన నిలబడి చూస్తూ ఉంది. పెళ్లయి పదమూడేళ్లు అవుతోంది. ఇతను ఇంతసేపు, ఇంత ఇష్టంగా మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. ఎవరింటికైనా భోజనానికి వెళితే మూల కుర్చీ వెతుక్కుని, అడిగినదానికి జవాబు చెప్పి, ఎప్పుడు బయటపడదామా అని చూసేవాడు. ఇంట్లో పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆ మనిషి ఇప్పుడు కూతుర్ని పట్టుకుని గోతిలో గోడలెక్కి దిగుతున్నాడు. ఎవరు నేర్పారు ఇతనికి ఈ మాటలన్నీ అనుకుంది. ఎవరో నేర్పే ఉంటారు.

ఆ తర్వాత ఆలీ అనే ఊరికి వెళ్లారు. కనుచూపు మేరా బోర్లించిన గంపల్లా మట్టిదిబ్బలు, అన్నీ సమాధులే. కుమ్మరులు కొన్నిటిని తొలిచి అందులోనే కుండలు కాల్చే ఆవం పెట్టుకున్నారు. వేల ఏళ్ల నాటి సమాధి లోంచి పొగ వస్తోంది, పక్కన ఒక ముసలాయన సారె తిప్పుతూ కూజా చేస్తున్నాడు. దత్తాత్రేయని చూసి చెయ్యెత్తి ఏదో పలకరించాడు. దత్తాత్రేయ అరబ్బీలో జవాబు చెప్పాడు.

"మీకు బాగా తెలిసినవాళ్లలా ఉన్నారే" అంది సుమతి.

"శుక్రవారాలు సెలవు కదా, వస్తుంటాను."

"ఒక్కరేనా?"

"ఆఁ."

అతను కూజా ఎంచుకోవడానికి వంగినప్పుడు, చొక్కా మెడ దగ్గర గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉండడం ఆమె కంటపడింది. పొందిగ్గా, గట్టిగా కుట్టి ఉంది. ఆ రోజంతా సుమతి ఆ దారాన్నే చూసింది. దిబ్బలూ చూడలేదు, కూజాలూ చూడలేదు.

"మీరుండే క్యాంప్ ఇక్కడికి ఎంత దూరం?"

"అటువైపు" అని చెయ్యి ఊపాడు. అటువైపు సగం దేశం ఉంది.

రేణు మాత్రం సూటిగానే అడిగింది. "నాన్నా, మేం నీ ఇల్లు ఎప్పుడు చూస్తాం?"

"అక్కడ చూడ్డానికేం లేదమ్మా. రేపు నీకొక చెట్టు చూపిస్తాను."

మర్నాడు ఎడారిలోకి వెళ్లారు. ఊళ్లు దాటాక రోడ్డు పక్కన నూనె గొట్టాలు, దూరంగా గాలికి ఊగుతున్న గ్యాసు మంట, తర్వాత అదీ లేదు. బూడిదరంగు నేల, రాళ్లు, ఆకాశం. కారు ఇసుకలో మెల్లగా సాగి ఆగితే ఎదురుగా ఒకటే చెట్టు. చుట్టూ ఎటు చూసినా మరో పచ్చటి ఆకు లేదు. కొమ్మలు నేలదాకా వాలి, దాని కింద చిక్కటి నీడ ఉంది.

"దీనికి నీళ్లెక్కడివి?" అంది రేణు.

"లోపలెక్కడో ఉండాలి. ఎవరికీ దొరకలేదు."

దత్తాత్రేయ వేరు మీద కూర్చుని వెనక్కి ఆనుకున్నాడు. అలవాటైన చోట కూర్చున్నట్టు ఒళ్లు వదిలేశాడు. పెళ్లాం బిడ్డలు పక్కన ఉన్న సంగతి కాసేపు మరిచిపోయాడు. అతని మొహంలో ఉన్న నెమ్మదిని సుమతి చూసింది. ఈ మొహం తనకెప్పుడూ చూపించలేదు.

రేణు మాత్రం టోపీ తీసేసి ఎండలో చెట్టు చుట్టూ పరుగులు పెట్టింది. కారులో వేడెక్కిపోయిన మామిడిపండు రసం గటగటా తాగింది. తిరిగి వస్తుంటే దారిలో వాంతి చేసుకుంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"హోటల్‌కి ఎంతసేపు?"

"ముప్పావుగంట పడుతుంది."

"అంతసేపు ఆగదు. దగ్గర్లో ఎవరిల్లైనా ఉందేమో చూడండి. కాసేపు పడుకోబెట్టి నీళ్లతో తుడవాలి."

రిఫా అనే ఊరి మొదట్లో నాలుగు రోడ్లు కలిసేచోట గుండ్రటి తోట ఉంది. కారు దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఏ రోడ్డులోకీ పోకుండా మళ్లీ ఒకసారి తిరిగింది. వెనక సీట్లో రేణు మళ్లీ వాంతి చేసుకుంది. అప్పుడతను ఎడమ చేతి సందులోకి తిప్పాడు.

ఊరి చివర, అటు పక్కంతా ఎడారి కనిపించే చోట, చిన్న సున్నపు ఇల్లు. అతను జేబులోంచి తాళం తీశాడు.

"ఎవరిదండీ ఇది?"

"నాదే."

రేణుని మంచం మీద పడుకోబెట్టారు. ఒంటి మంచం. అతనే గుడ్డ తడిపి తెచ్చాడు, ఫ్యాను వేశాడు, ఒక గిన్నెలో ఉప్పూ పంచదారా వేసి నీళ్లు కలిపాడు. పిల్ల రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. వాంతి ఆగింది.

అప్పుడు సుమతి లేచి ఇల్లంతా తిరిగింది. అతను వద్దనలేదు. స్నానాలగదిలో ఒక పళ్లబ్రష్షు, ఒక తువ్వాలు. బీరువా తెరిస్తే అన్నీ అతని చొక్కాలే, ఇస్త్రీ చేసి వరసగా ఉన్నాయి. కింద ఒక డబ్బాలో సూదులు, రకరకాల రంగుల దారపు ఉండలు. వంటింట్లో ఒక పళ్లెం, ఒక కప్పు, ఒక గరిటె. ముందుగదిలో కిటికీకి ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. కిటికీ అవతల ఎడారి. గోడల మీద ఏమీ లేదు. రేణు ఫొటో కూడా లేదు. ఎక్కడా దుమ్ము లేదు.

ఆమె తిరిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. అతను టీ పెట్టి ఆ ఒక్క కప్పులో పోసి ఆమెకిచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"క్యాంప్ అన్నారు."

"మొదట్లో ఉన్నాను. మూడేళ్లయింది ఇక్కడికి వచ్చి."

"ఎవరున్నారు?"

"చూశావుగా. ఎవరూ లేరు."

"మరి ఎందుకు దాచారు?"

పక్కగదిలో ఫ్యాను కిర్రుమంటోంది.

"చూస్తే నీకు తెలిసిపోతుందని."

"ఏం తెలిసిపోతుంది?"

"నాకిక్కడ బాగుందని."

సుమతి కప్పు కింద పెట్టింది. "మేం లేకుండానా?"

అతను కాదనలేదు.

"నేనేం చేశానండీ మిమ్మల్ని?"

"నువ్వేం చెయ్యలేదు సుమతీ. ఒట్టు. నీ మీద కోపం లేదు, విసుగు లేదు. అక్కడ పొద్దున లేస్తే ఎవరో ఒకరికి నేను కావాలి. నీకు కావాలి, పాపకి కావాలి, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ కావాలి. అన్నీ చేశాను. చేస్తుంటే ఊపిరాడేది కాదు. అందరికీ అంతేనేమో, పైకి చెప్పుకోరేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చి తలుపు వేసుకుంటే మొదటి నెల భయమేసింది. తర్వాత తలుపు తియ్యాలంటే భయమేసింది."

"మరి పెళ్లెందుకు చేసుకున్నారు?"

"చేసుకోకూడని మనిషినని అప్పుడు ఎవరికి తెలుసు?"

ఆమె పడకగది వైపు చూసింది. "దాని సంగతేంటి?"

"ఇవన్నీ దానికి చూపించాలని నిజంగానే అనిపించింది. ఈ వారం నేనేమీ నటించలేదు."

"వారం."

"ఊఁ. వారమైతే..." అని ఆగిపోయాడు.

విమానంలో కూర్చుకున్న మాటలన్నీ సుమతికి గుర్తొచ్చాయి. అవన్నీ మరో ఆడదాని మీద. ఆ ఆడది ఉంటే జుట్టు పట్టుకునేది, లేకపోతే బతిమాలేది, పిల్లని ముందు నిలబెట్టి అడిగేది. ఏదో ఒకటి చేసేది. ఈ గదిలో ఎవరిని ఏమనాలి? కుర్చీనా, కిటికీనా?

"ఒకసారి వచ్చి డాక్టర్‌కి చూపించుకోండి. అక్కడ ఇలాంటివాటికి కౌన్సెలర్లు ఉంటారు. నేను అపాయింట్‌మెంట్ తీసుకుంటాను" అంది.

"ఇది జబ్బు కాదు సుమతీ. జబ్బయితే నాకే బాధగా ఉండేది కదా."

సాయంత్రానికి రేణు తేరుకుంది. హోటల్‌కి వెళుతూ దారిలో తండ్రిని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఒంట్లో నీరసం కాబోలు అనుకుంది సుమతి.

మర్నాడు అతను రాడనుకుంది. తొమ్మిదింటికి కింద కారు ఆగింది. ముహర్రక్‌లో ముత్యాల వర్తకులు కట్టుకున్న పాత ఇళ్లున్నాయి, గాలి గోపురాలతో, చూద్దాం అన్నాడు. సుమతి వెళ్లింది. హోటల్ గదిలో కూర్చుని మాత్రం చేసేదేముంది? మిద్దె మీంచి పైకి లేచిన నాలుగు పలకల గోపురం ఎటు వీచిన గాలినైనా పట్టి కింది గదిలోకి దింపుతుందని అతను చెప్పాడు. రేణుని దాని కింద నిలబెట్టాడు.

"చల్లగా ఉందా?"

"ఊఁ."

"పైకి చూడు, ఆకాశం కనిపిస్తుంది."

"కనిపిస్తోంది" అంది రేణు, తల ఎత్తకుండానే.

అక్కడి కాపలాదారు కెమెరా అడిగి తీసుకుని ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. నవ్వమన్నాడు. నవ్వారు.

విమానాశ్రయంలో దత్తాత్రేయ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధం కాదని సుమతికి తెలుసు. తెలిసినందువల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

ప్లెయిన్స్‌బరో చేరిన సాయంత్రమే శాంతి సాంబారు గిన్నెతో పైకి వచ్చింది. రేణు లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"ఏమైంది? ఎవరైనా..."

"ఎవరూ లేరు. ఇల్లంతా చూశాను. ఒక్కరే ఉంటున్నారు."

"అమ్మయ్య!" శాంతి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేనే అనవసరంగా నీ మనసు పాడు చేశాను. ఇంక నువ్వు హాయిగా ఉండు. ఆ ప్రాజెక్ట్ ఏదో అయిపోతే ఆయనే వస్తారు."

సుమతికి చెప్పాలనే ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. మా ఆయనకి ఎవరూ వద్దట శాంతీ, అంటే దానికి శాంతి ఏమంటుంది? ఎవరైనా ఏమంటారు? తాగుతాడా, కొడతాడా, ఇంకోదాన్ని పెట్టుకున్నాడా? లేదు. మరి నీకేం తక్కువ? సుమతి సాంబారు గిన్నె అందుకుని పొయ్యి మీద పెట్టింది.

మే నెలలో అదే ఊళ్లో ఉండే రాధాకృష్ణ గారింట్లో పాట్‌లక్‌కి తెలుగువాళ్లంతా తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసినప్పుడు ఆ ఫొటోలు చేతులు మారాయి. ముగ్గురూ గోపురం కింద నిలబడి నవ్వుతున్న ఫొటో దగ్గర ఆడవాళ్లంతా ఆగారు. ఎంత బాగున్నారో అన్నారు. రాధాకృష్ణ గారికి ఎడారి ఫొటోలు తెగ నచ్చాయి.

"ఈసారి ఇండియా వెళ్లేటప్పుడు మేం కూడా అక్కడ స్టాపోవర్ బుక్ చేసుకుంటాం. అసలు చూడవలసినవి ఏంటమ్మా?"

సుమతి చెప్పింది. కోట కింద ఊరి మీద ఊరు ఎలా ఉందో, కుండల్లో పాముల్ని ఎలా పూడ్చేవారో, సమాధిలో ఆవం ఎలా పెట్టారో, నీళ్లు లేనిచోట చెట్టు ఎలా బతుకుతోందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అవన్నీ అతని మాటలే. చెబుతూ చెబుతూ తల తిప్పి చూస్తే, గుమ్మం దగ్గర కూల్‌డ్రింకు పట్టుకుని నిలబడ్డ రేణు తననే చూస్తోంది. వెంటనే వెనక్కి తిరిగి పిల్లల గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు రిఫా ఇంట్లో ఆ మంచం మీద కూతురు నిద్రపోయిందో, కళ్లు మూసుకుని అంతా విన్నదో సుమతి అడగలేదు. అడిగే ధైర్యం రాలేదు. కాని ఆ ఏడు రేణు ఒక్కసారైనా నాన్న ఎప్పుడొస్తాడని అనలేదు. స్కూల్లో ఫాదర్స్ డేకి అందరూ కార్డులు చేస్తే, తను చేసిన కార్డు పక్కింటి అంకుల్‌కి ఇచ్చేసింది.

కాంట్రాక్టు మళ్లీ రెండేళ్లు పెరిగింది. డిసెంబరు వచ్చింది, అతను రాలేదు. వస్తారా అని ఆమె అడగలేదు. ఒక ఆదివారం పొద్దున ఫోను చేశాడు.

"ఇక్కడ వాన పడింది సుమతీ. రెండు రోజుల్నించి. ఎడారంతా సన్నటి గడ్డి వచ్చింది, చూస్తే నమ్మవు. పాపని పిలు, చెబుతాను."

ఆమె రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి పిలిచింది. రేణు టీవీ ముందు కార్పెట్ మీద బోర్లా పడుకుని ఉంది. తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"నువ్వే టాక్ చెయ్యమ్మా. నేను చూస్తున్నాను."

"వానట. నీకు చెప్తారట."

రేణు లేచి టీవీ సౌండు పెంచి మళ్లీ పడుకుంది.

సుమతి చెయ్యి తీసింది. "నిద్రపోతోందండీ" అంది.

టీవీలో జనం విరగబడి నవ్వారు. అది అవతలికి వినబడకుండా ఉండదు.

"పడుకోనీ. లేపకు" అన్నాడు.

తర్వాత వాన సంగతి ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు. కోట దగ్గర గోతుల్లో నీళ్లు నిలిచాయట. దిబ్బల మీద పసుపు రంగు పూలు వచ్చాయట. సుమతి రిసీవరును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, మధ్యమధ్య ఊఁ కొడుతూ, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టింది.